గేరు రాడ్డు వాలిన వైపు

సువార్త చేసిన కారు బల్లమీద పైకప్పు లేకుండా నిలబడి ఉంది. పైడయ్య మాస్టారు వచ్చి భూతద్దం పెట్టి లోపలికి చూడటం, "ఇంకా కాదమ్మా" అని తన ఓడబొమ్మ దగ్గరికి వెళ్లిపోవడం. పొద్దుటినుంచీ ఇదే వరస.

విశాఖ రేవు దగ్గర మాస్టారి దుకాణంలో ఓడలు, రైలింజన్లు, కార్లు అరచేతిలో ఇమిడే బొమ్మలుగా తయారవుతాయి. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావవి. అసలు బండిలో ఏది ఎక్కడుంటే ఇందులోనూ అది అక్కడే ఉండాలి. మాస్టారు సరేననందే ఏ కారుకూ పైకప్పు అతికించరు, ఏ బండీ గుమ్మం దాటదు.

ఈ కారు అరవైలనాటి అమెరికా డ్రాగ్ కారు. తిన్నటి దారిలో పావు మైలు, ఎవడు ముందు చేరితే వాడిదే పందెం. ఊపిరి బిగబట్టి వదిలేలోపు అంతా అయిపోతుంది. గేరు మార్చడంలో రెప్పపాటు తడబడితే ఓడినట్టే. సువార్త తన సొంత పేరుమీద బెంగళూరులో బొమ్మబళ్ల పోటీకి పంపబోతున్న మొదటి బండి ఇది. పార్సిలు రేపు పొద్దున్నే వెళ్లాలి. లేదంటే మళ్లీ ఏడాదిదాకా ఆగాలి.

అన్నిటికన్నా ఆమె ముచ్చటపడి చేసింది గేరు రాడ్డు. కారు విడిభాగాల పెట్టెలో వచ్చిన ముక్క చీపురుపుల్లలా సూటిగా ఉంటే తీసి అవతల పారేసింది. చేయి చాచే పని లేకుండా పిడి తిన్నగా గుప్పిట్లోకి వచ్చేలా పందెగాళ్లు రాడ్డును వంచుకునేవారని చదివింది. కుట్టుసూదిని దీపంమీద కాల్చి, ఒడుపుగా వంచి, కొసన గుండుసూది తల అతికించింది. ఆ తలమీద గేరు అంకెలు కూడా వేసింది. చూసినవాళ్లు నోరు తెరవాల్సిందే.

చివరికి ఉండబట్టలేక అడిగేసింది. "తప్పెక్కడుందో సెప్పండి మాస్టారూ."

"గేరు రాడ్డు."

సువార్తకు నవ్వొచ్చింది. వాళ్ల నాన్న ఐసు వ్యాను రేవంతా తిప్పింది ఆమే. మాస్టారేమో జన్మలో సైకిలు తప్ప తోలి ఎరగరు. గేరు గురించి తనకు చెప్పేవాళ్లు ఇంకా పుట్టలేదని ఆమె ధీమా.

"గేరంటే నాకు తెల్దా మాస్టారూ?"

"నీకు బాగా తెలుసమ్మా. అదే సిక్కు."

ఆయన స్టూలు లాక్కొచ్చి గోడవారగా వేశారు. "కూకో" అన్నారు. కూర్చుంది. ఎడమ భుజం గోడకు రాసుకుంటోంది. ఇడ్లీ తిన్న స్టీలు ప్లేటు కడిగి తెచ్చి రెండు చేతుల్లో పెట్టారు.

"ఇదే స్టీరింగు. కళ్లు మూసుకో. పందెం మొదలయింది, తోలు."

సువార్త కళ్లు మూసుకుంది. పిల్లాటలా అనిపించినా కాలు క్లచ్చును వెతుక్కుంది. ఒళ్లు తెలియకుండానే బిగిసింది.

"రెండో గేరు" అన్నారు మాస్టారు చటుక్కున.

ఎడమచేయి ప్లేటు వదిలి విసురుగా పక్కకు వెళ్లింది. వేళ్ల కణుపులు టక్కున గోడకు కొట్టుకున్నాయి.

కళ్లు తెరిచి చేతిని చూసుకుంది. సున్నం అంటింది.

"ఏటయింది?"

"గోడ తగిలింది మాస్టారూ."

"గోడ కాదమ్మా. కారు తలుపు."

ఆయన వెళ్లి మళ్లీ ఓడకు తాళ్లు కట్టుకోసాగారు.

సువార్త లేచి కారులోకి చూసింది. స్టీరింగు ఎడమవైపే ఉంది. ఫొటోలు చూసి పెట్టింది గనక అందులో పొరపాటు లేదు. అక్కడ కూర్చున్నవాడికి ఎడమపక్క తలుపు, గేరు మార్చేది కుడిచేయి. తను వంచిన రాడ్డు మాత్రం అతడికి దూరంగా, బరువు తగ్గించడానికి పక్క సీటు పీకేసిన ఖాళీ వైపు వాలి ఉంది. కుడివైపు కూర్చుని ఎడమచేత్తో గేరు మార్చుతూ వ్యాను తోలే సువార్త చేతికి అందేలా ఉంది. ఫొటోలన్నీ డ్రైవరు కిటికీలోంచి తీసినవి. రాడ్డు పక్కకు ఎటు వాలిందో వాటిలో తెలియదు. కంటికి అందని ఆ కాస్త చోట ఆమె అలవాటు తన పని తాను చేసుకుపోయింది.

పైకప్పు పెట్టేశాక టార్చి వేసి చూస్తే తప్ప ఈ పొరపాటు ఎవరికీ కనబడదు. ఆ మాట మనసులోకి రాకపోలేదు. వచ్చినందుకు తనమీద తనకే ఒళ్లు మండింది. పట్టుకారు తీసి రాడ్డును పీకేసింది. దానితోపాటు అడుగున వేసిన రంగు కూడా పెచ్చుగా ఊడొచ్చింది.

అదే రాడ్డును తిప్పి పెడితే సరిపోదు. వెనక్కి ఉండాల్సిన వంపు ముందుకు పోతుంది. మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే. సూది విరిగింది. ఇంకోటి కాల్చింది, అదీ విరిగింది. మధ్యాహ్నం తిండి ఊసు లేదు. విరిగినప్పుడల్లా వెళ్లి గోడపక్కన స్టూలుమీద కూర్చుని, ప్లేటు పట్టుకుని, కళ్లు మూసుకుని కుడిచేత్తో గేరు మార్చేది. మొదట్లో ఆ చేయి మొద్దులా ఎటో పోయేది. పోను పోను దానికి దారి తెలిసింది. పిడి ఎంత ఎత్తున ఉంటే మోచేయి నొప్పెట్టదో, ఎంత దగ్గరికి వాలితే భుజం కదలదో తెలిసింది. అప్పుడు వంచిన సూది విరగలేదు.

అడుగున రంగు వేసి, ఆరనిచ్చి, రాడ్డు నిలబెట్టేసరికి కిటికీలో ఎండ పలచబడింది. కారు తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

మాస్టారు భూతద్దం తీసుకోలేదు. వంగి లోపలికి చూస్తూ ఉండిపోయారు. మోకాలిమీదున్న ఆయన కుడిచేయి మెల్లగా పైకి లేచింది. గాలిలో దేన్నో పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకుని వెనక్కి ఒక్క లాగు లాగింది. ఆ సంగతి ఆయన ఎరిగినట్టు లేదు. సువార్త చూసింది.

"పైకప్పేదమ్మా?" అన్నారు మాస్టారు.