దిలీప్ బిగించిన స్ప్రింగు

గవరయ్య మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. అనంతగిరి కొండవాలు మీద పిల్లలకి సైకిలు దిగడం నేర్పే మనిషి ఆయన. రాళ్ళూ వేర్లూ నిండిన బాటలో పైనుంచి కిందికి ఒళ్ళు చెడకుండా రావడమే ఆ విద్య. గంటలకొద్దీ ఉపన్యాసం దంచి శిష్యుణ్ణి నిద్రపుచ్చే గురువుల్ని నేను చాలామందిని చూశాను కాబట్టి, ఈయన పద్ధతి నాకు నచ్చుతుంది. నచ్చినంత మాత్రాన అందులో దయ ఉంటుందనుకోకండి.

ముసురు పట్టిన రోజుల్లో ఒకనాడు ఆయన షెడ్డుకి శిష్యురాలు ప్రవల్లిక వచ్చింది. ఆమె సైకిలు వెనక షాకు, అంటే కుదుపుల్ని మింగే స్ప్రింగు గొట్టం, నూనె కారి పాడైపోయింది. ఆదివారమే రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ. సైకిలు క్లబ్బువాళ్ళు ఆమె బరువుకి తగ్గ కొత్త షాకు తెప్పించి బల్ల మీద పెట్టారు. ఆమె దాని వంక చూడనైనా చూడలేదు. సంచిలోంచి పాత షాకొకటి తీసింది. అది ఆమె అన్న దిలీప్‌ది. వాడూ మాస్టారి శిష్యుడే. శ్రావణంలో మలేరియా వచ్చి పోయాడు. అప్పటినుంచీ ఇంటికొచ్చిన ప్రతివాడూ "అన్న పేరు నువ్వే నిలబెట్టాలి తల్లీ" అనేసి, కాఫీ తాగి వెళ్ళిపోతున్నాడు. చచ్చిపోయినవాడి పేరు ఎత్తి ఆడపిల్ల భుజాన పెట్టడం మనవాళ్ళకి మహా సులువు.

"పొడవు సరిపోయింది, బోల్టులు సరిపోయాయి. ఇదే వేసుకుంటే తప్పేంటి మాస్టారూ?" అంది.

పక్కన చైను కడుక్కుంటున్న వాసు తలెత్తాడు. వాడు ఆమెతోపాటు నేర్చుకుంటున్నవాడే. "ఒసేయ్, మీ అన్న దున్నపోతులా ఉండేవాడు. నువ్వేమో ఈదురుగాలికి ఎగిరిపోతావు. ఆ స్ప్రింగు నీకు కదులుతుందా? పోనీ, స్ప్రింగు ఒక్కటీ మార్చెయ్, మిగతాది ఉంచుకో."

"నువ్వు నోరు ముయ్యి. అన్న బిగించింది అన్న బిగించినట్టే ఉండాలి."

మాస్టారు వాదించలేదు. "బిగించు," అన్నారు.

బిగించాక, ఏ షాకుకైనా చేసినట్టే, దాని కడ్డీ మొదట్లో ఊలు దారం చుట్టి, హెల్మెట్టుతో సహా అన్నీ తొడుక్కుని ఎక్కమన్నారు. మనిషి ఎక్కగానే సైకిలు వెనకభాగం కొంత కుంగాలి. అలా కుంగే షాకే చక్రాన్ని గుంటల్లోకి దింపి నేలని వదలకుండా ఉంచుతుంది. ఎంత కుంగిందో దారం జరిగిన దూరం చెబుతుంది. ప్రవల్లిక ఎక్కి కూర్చుంది. దారం పెసరగింజంత జరిగి ఆగిపోయింది.

మాస్టారు ఆమె వెనక నిలబడి, రెండు భుజాల మీదా చేతులు వేసి నొక్కారు. ఇంకా నొక్కారు. ఆమె వెన్ను వంగిపోయింది, హెల్మెట్టు లోపల ఊపిరి బుసకొట్టింది. అప్పుడు జరిగింది దారం.

"ఇదీ వాడి బరువు," అని చేతులు తీసేశారు. సైకిలు ఆమెని పైకి తోసేసింది.

"అయినా దిగుతాను."

"దిగు."

షెడ్డు వెనక చిన్న వాలుంది, కొత్తగా చేరినవాళ్ళు దిగేది. మధ్యలో అడ్డంగా ఒక పనసవేరు. వాలు మీద కమ్ముకున్న మంచులోకి ఆమె వెళ్ళడం కనిపించింది, వేరు దగ్గర వెనకచక్రం గాడిదలా తన్నడం కనిపించింది, ఆ తరవాత చప్పుడే. వాసు పరిగెత్తబోతే మాస్టారు వాడి రెక్క పట్టుకుని ఆపారు. ఆపినంతసేపూ ఆయన కళ్ళు వాలు మీదే ఉన్నాయని వాసు తరవాత నాతో చెప్పాడు.

చాలాసేపటికి సైకిలు తోసుకుంటూ పైకి వచ్చింది. పెదవి చిట్లింది, మోకాలి దగ్గర గుడ్డ చిరిగి లోపల ఎర్రగా ఉంది. ఎవరివంకా చూడకుండా పానా అందుకుని కూర్చుంది. ఒక బోల్టు విప్పింది. రెండోదాని మీద పానా పెట్టాక చెయ్యి కదల్లేదు.

"అన్నని ఇది ఒక్కసారీ పడెయ్యలేదు," అంది. "నన్నెందుకు పడేసింది మాస్టారూ?"

మాస్టారు తన తుండుగుడ్డ ఆమె పెదవికి అద్ది పట్టుకున్నారు.

"పడెయ్యడమేంటమ్మా. నువ్వు ఎక్కినట్టు దానికి తెలిస్తే కదా!"