మెలకువ అన్న మాట

కొండమీది విహారంలో చేరకముందు ఉపశాంత ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. అందుకే పాళీ గాథలను తెలుగు చేసే పని మొదలైనప్పుడు, రాసినదంతా కంప్యూటర్లో భద్రపరిచే బాధ్యత గురువు సుమేధ భంతే అతనికే అప్పగించారు. తోడు అనువాదకుడు రేవత ఏటి అవతలి విహారంలో ఉంటాడు. ఎవరి కంప్యూటర్లో వారికి పూర్తి ప్రతి, దాని వెనకటి చరిత్రతో సహా ఉంటుంది. నెలకోసారి రెండూ కలపాలి.

ఆ కలపడం దగ్గరే పేచీ వచ్చింది. ఉపశాంతకు మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్ అలవాటు. నలుగురికీ చూపించేముందు చిత్తుప్రతులన్నీ మడిచేసి, ఒక్క శుభ్రమైన ప్రతిగా అందించడానికి అందులో వీలుంది. రేవతకు ఫాసిల్ అనే మరో సాఫ్ట్‌వేర్ మీద గురి. జరిగింది జరిగినట్టే నిలవాలన్నది దాని పద్ధతి. నీది అబద్ధపు చరిత్ర అని రేవత రాశాడు. నీది చెత్తకుప్ప అని ఉపశాంత జవాబిచ్చాడు. రెండు నెలలు పని ఆగిపోయింది.

ఏది మంచిదో తేల్చమని ఉపశాంత గురువును అడిగాడు. పున్నమినాడు నీ ప్రతే జనానికి చదువు అన్నారాయన. తానే గెలిచాననుకున్నాడు ఉపశాంత.

పున్నమి సాయంత్రం చదివాడు. గాథలోని కీలకమైన మాటకు ‘మెలకువ’ అని పెట్టాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. తీరం నుంచి వచ్చిన జాలరి చోడిపిల్లి ఎర్రయ్య ఒక్కడే లేచి నిలబడ్డాడు.

“మేం మూడో జామునే వేటకెళ్తాం సామీ. ఉన్న కాస్త నిద్రా మానెయ్యమంటారా?”

ఆ మాట దగ్గర తానూ ఒకప్పుడు ఆగి, ఏదో సందేహం రాసుకున్నట్టు ఉపశాంతకు లీలగా గుర్తు. కంప్యూటర్ తెరిచి చూశాడు. ఒక్క శుభ్రమైన వాక్యం ఉంది. సందేహాన్ని తన చేత్తోనే తుడిచేసుకున్నాడు.

రేవత పంపిన ప్రతి తెరిచాడు. అందులో అన్నీ ఉన్నాయి. ‘మెలకువ: విన్నవాళ్లు నిద్ర మానాలనుకుంటున్నారు. అప్రమత్తత: తుఫాను హెచ్చరికలా ఉందట.’ అలా తొమ్మిది మాటలు దాటాక, ‘ఏమరకపోవడం’.

ఆ మాట చెప్పగానే ఎర్రయ్య మొహం విప్పారింది. చుక్కాని పట్టినవాడికి తెలిసిన సంగతేనన్నాడు.

ఉపశాంత తల దించుకుని గురువు దగ్గరికి వెళ్లాడు. రేవతదే సరైన దారని, అంతా అందులోకి మార్చేద్దామని అన్నాడు. సుమేధ భంతే మాత్రం రేవత రాసినదంతా మొదటినుంచీ ఎర్రయ్యకు చదివి వినిపించమన్నారు.

ఉపశాంత చదివాడు. ఆరో మాటకల్లా ఎర్రయ్య ఇబ్బందిగా కదిలాడు.

“ఇందులో ఏది గుర్తెట్టుకోమంటారు సామీ?”

ఉపశాంత చదవడం ఆపి గురువు వైపు చూశాడు.

“పడవలో కూర్చున్నవాడికి రేవు చెబితే చాలు ఉపశాంతా,” అన్నారు సుమేధ భంతే. “తెడ్డు వేసేవాడికి రాళ్లు కూడా చెప్పాలి.”

మర్నాడు పొద్దున్నే ఉపశాంత రేవతకు ఉత్తరం రాసి, ఏరు దాటి వస్తున్నానని చెప్పాడు. తర్వాత తన ప్రతి తెరిచి, వాక్యం దిద్దేముందు దాని కింద తన పేరుతో ఇలా చేర్చాడు: ‘మెలకువ అన్నాను. ఎర్రయ్య అడిగేదాకా తప్పని తెలియలేదు.’

దాన్ని మడిచెయ్యకుండా అలాగే ఉంచాడు.