మూత మీది నంబరు

బుల్లియ్య మేస్త్రీకి ఒక అలవాటు ఉంది. ఎవరి దగ్గరికి ఇంజన్ బాగుచేయడానికి వెళ్ళినా, పనిముట్ల సంచి విప్పే ముందు కాసేపు కూర్చుంటాడు. వాళ్ళు మంచినీళ్ళిచ్చినా, టీ ఇచ్చినా, మజ్జిగ ఇచ్చినా కాదనకుండా తాగుతాడు. తాగుతూ ఇంజన్ మాట తప్ప లోకంలో ఉన్న మాటలన్నీ అడుగుతాడు. ఆకివీడు చుట్టుపక్కల నలభై ఏళ్ళుగా పాత లారీ ఇంజన్లకు వైద్యం చేస్తున్న మనిషి కనక ఎవరూ ఏమీ అనరు. ఏడాదిగా ఆయన దగ్గర శిష్యరికం చేస్తున్న త్రిమూర్తులు మాత్రం ఆ కాసేపూ లోలోపల ఉడికిపోతూ ఉంటాడు.

త్రిమూర్తులు చిన్నవాడేమీ కాదు, ముప్పై అయిదేళ్ళవాడు. భీమవరంలో ఒక స్పేరుపార్టుల కొట్లో తొమ్మిదేళ్ళు కౌంటరు వెనక నిలబడ్డాడు. ఏ ఇంజనుకి ఏ సామాను, దాని నంబరేమిటి అన్నది ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పగలడు. అయినా కొన్న సామాను చేత్తో పట్టుకుని, సరిపోలేదంటూ తిరిగొచ్చినవాళ్ళ మొహాలు అతన్ని వదల్లేదు. ప్లేటు మీద ఉన్న నంబరుకే ఇచ్చానండి అని ప్రతివాడికీ ఒకే జవాబు చెప్పి పంపేవాడు. జవాబు సరైనదే, సామాను మాత్రం పట్టదు. ఆ తిరకాసు ఎక్కడుందో తేల్చుకుందామనే కొట్టు మానేసి మేస్త్రీ దగ్గర చేరాడు. చేరిన రోజు నుంచీ ఒకటే ప్రశ్న: పాత ఇంజన్ ఏ మోడలో తెలుసుకోవాలంటే దాని ఒంటిమీద ఉన్న గుర్తుల్లో దేన్ని నమ్మాలి? అయిదుసార్లు అడిగాడు. అయిదుసార్లూ మేస్త్రీ "చూద్దాంలే" అన్నాడు. ఎండలు ముదిరిన ఒక పొద్దున్న ఆరోసారి అడిగితే, బండి తియ్యమన్నాడు, దీనమ్మ చెరువు దగ్గరికి వెళ్ళాలన్నాడు. ఇదీ ఒక జవాబేనా అనుకుంటూ త్రిమూర్తులు బండి తీశాడు.

దీనమ్మ రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తోంది. ఇంకో పది రోజుల్లో రొయ్యల పట్టుబడి. ఈ చెరువుల సంగతి తెలియనివారికి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. నీళ్ళలో ఉండే నాచు పగలు ఎండ తగులుతున్నంతసేపూ నీటికి ప్రాణవాయువు ఇస్తుంది. పొద్దుగూకాక ఇవ్వడం మానేసి, తనే తీసుకోవడం మొదలుపెడుతుంది. అందుకని చీకటి పడేసరికి నీటిని చిలికే చక్రాలు తిరగాలి. వాటినే ఏరియేటర్లంటారు. అవి తిరగకపోతే తెల్లారేసరికి పంటంతా గట్టు వారకు చేరి చచ్చి పడి ఉంటుంది. ఆ రాత్రి కరెంటు లైను మారుస్తున్నారని, సరఫరా ఉండదని మూడు రోజుల ముందే ఊరంతా చెప్పారు. ఇక దీనమ్మకు దిక్కు షెడ్డులో జనరేటరుకి బిగించి ఉన్న పాత లారీ ఇంజన్ ఒక్కటే. దాని లారీ ఏనాడో తుక్కయిపోయింది. మిగిలిన ఆ ఇంజనేమో రెండు రోజులుగా రేడియేటరులో బుడగలు తేలుస్తూ గంటకో బిందె నీళ్ళు తాగుతోంది.

రోగమేమిటో త్రిమూర్తులు ముందు రోజే ఫోనులో పసిగట్టాడు. ఇంజన్ దిమ్మకీ, దాని నెత్తిన కూర్చునే హెడ్డుకీ మధ్య పల్చటి రేకు ఒకటి పరుస్తారు. హెడ్ గ్యాస్కెట్ అంటారు దాన్ని. సిలిండరుకొక పెద్ద చిల్లు, చుట్టూ బోల్టులకు చిన్న చిల్లులు ఉంటాయి. అది కాలిపోయింది. ఇంజన్ మీద ప్లేటు ఉందా అని దీనమ్మను అడిగాడు. ఆవిడ తుడిచి చూసి, ఆరు తొమ్మిది ఏడు అని ఒక్కొక్క అంకే చదివి చెప్పింది. ఇంకేముంది, పొద్దున్నే తన పాత కొట్టుకు ఫోను చేసి 697కి గ్యాస్కెట్ తెప్పించి, కొత్త పెళ్ళికొడుకు శాలువా మడతపెట్టుకున్నట్టు అట్టముక్కల మధ్య పెట్టి బండికి కట్టుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఇంజన్ తిరుగుతుందని, ఒక్కసారైనా మేస్త్రీ తన పని చూసి తలాడిస్తాడని అతని ఆశ.

చెరువు గట్టు చేరేసరికి పదయింది. దీనమ్మ ఎదురొచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. షెడ్డు చూరుకింద వెదురుబద్దలకు కట్టిన రేకులోంచి రెండు చెంబులు తీసి, కుండలో మజ్జిగ ముంచి చెరొకటీ ఇచ్చింది. మేస్త్రీ నులకమంచం మీద స్థిరపడి, ఆవిడ మోకాలి నొప్పి ఎలా ఉందో, పెద్దమ్మాయి నర్సు చదువు ఎందాకా వచ్చిందో, రొయ్య కిలోకి ఎన్ని తూగుతోందో విచారించడం మొదలుపెట్టాడు. త్రిమూర్తులు చెంబెడు మజ్జిగా ఒక్క గుక్కలో దించి, పానా పుచ్చుకుని ఇంజన్ మీదికి వంగాడు.

"ఒరే, హెడ్డు ఎత్తకు," అన్నాడు మేస్త్రీ మంచం మీది నుంచే. "చేతిలో ఉన్నది దీనిదేనని తేలాక ఎత్తు."

ఆ మాటలో న్యాయం ఉంది, త్రిమూర్తులుకీ తెలుసు. ఇప్పుడున్న స్థితిలో ఇంజన్ కుంటుతూనైనా నడుస్తుంది. అన్నిటికీ తెగిస్తే దీనమ్మ రాత్రంతా పక్కన కూర్చుని నీళ్ళు పోస్తూ పంట గట్టెక్కించుకోవచ్చు. ఒకసారి హెడ్డు పైకి లేచాక సరైన రేకు లేకపోతే ఆ కుంటి నడక కూడా ఉండదు. కానీ ఇంకేం తేలాలి? ప్లేటు కళ్ళెదుట ఉంది, గ్యాస్కెట్ చేతిలో ఉంది, పొద్దు నెత్తికెక్కుతోంది. గురువుగారేమో మోకాళ్ళ నూనెల గురించి మాట్లాడుతున్నాడు.

సరే, తేలుస్తాననుకుని పంతానికి దిగాడు. ఇంజన్ కొన్ననాటి కాగితం ఉందా అని అడిగాడు. దీనమ్మ బియ్యం డబ్బాలోంచి ప్లాస్టిక్ సంచీలో చుట్టిన కాగితం తెచ్చిచ్చింది. దాని మీద 692 అని ఉంది. త్రిమూర్తులు ఆ కాగితాన్ని ప్లేటు పక్కన పెట్టి చూశాడు. ఈ అంకెల్లోనే వాటి అర్థమూ ఉంది. మొదటి ఆరు సిలిండర్ల లెక్క. తరవాతి రెండంకెలు సిలిండరు నోటి వెడల్పు, మిల్లీమీటర్లలో. తేడా అంతా అయిదు మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరులో సగం. మూడు నాలుగుసార్లు రంగు పూసి, ఉప్పుగాలిలో పదేళ్ళు ఉంచితే బయటినుంచి చూసినవాడికి రెండూ కవలపిల్లలే. పోనీ డీజిలు పంపుకి వేలాడే బిళ్ళ చూద్దామని గోకాడు. అది ఈ రెండింటిలో దేనిదీ కాదు, ఇంకేదో బండిది. చివరికి దిమ్మ పక్కన చెక్కిన నంబరు చూస్తే తీరిపోతుంది కదా అని బోర్లా పడుకుని, కిరసనాయిలు గుడ్డతో అరగంట రుద్దాడు. రంగు పొరలు ఒక్కొక్కటే పోయాయి, పచ్చ, నీలం, ఎరుపు, కిందనున్న అంకెలూ వాటితోపాటే పొట్టులా రాలాయి. తుప్పు సగానికి సగం తినేసింది. విసిగి పాత కొట్టుకు ఫోను చేస్తే, కౌంటరులో కొత్తగా చేరినవాడు తాపీగా, ప్లేటు మీద ఏముందో చూసి చెప్పండి అన్నాడు.

తన జవాబే తనకు తిరిగొచ్చింది. త్రిమూర్తులు ఫోను జేబులో కుక్కి, ఒళ్ళంతా మసితో లేచి నిలబడ్డాడు. గొంతు ఎండిపోయింది. చూరుకింది రేకులోంచి ఒక చెంబు తనే లాక్కుని మజ్జిగ ముంచుకుని తాగాడు, ఖాళీ చెంబు తెచ్చి ఇంజన్ మూత మీద ఠంగున పెట్టాడు. ఈ ఇంజన్ ఏమిటో నీకేమైనా తెలుసా అమ్మా అని దీనమ్మను అడిగాడు కూడా. నాకేం తెలుసు తమ్ముడూ, సాయంత్రం తిప్పుతాను, పొద్దున్న ఆపుతాను అందావిడ. అక్కడితో ఆవిణ్ణి అడగవలసినదంతా అడిగేశాననుకున్నాడు.

నులకమంచం దగ్గర మాటలు మోకాళ్ళు దాటి, ఇంకెక్కడికో వచ్చినట్టున్నాయి. చెంబు మూడోసారి నింపించుకుంటూ, ఈ షెడ్డు వేసి ఎన్నాళ్ళయిందని మేస్త్రీ అడిగాడు. గాలివాన వచ్చిన ఏడు పాతది ఎగిరిపోతే మళ్ళీ వేశామంది దీనమ్మ. అప్పుడు దూలం ఒకటి జారి ఇంజన్ మీద పడిందట. పైమూత పగిలిందట, హెడ్డూ అదిరిందట. కైకలూరు నుంచి ఒక మెకానిక్కు వచ్చి రెండు రోజులు ఉండి బాగుచేశాడట. మూత ఎక్కడా దొరక్కపోతే పాత ఇనుప సామాన్ల కొట్లో ఇంకో బండిది వెతికి తెచ్చి బిగించాడట.

త్రిమూర్తులు చెంబు పెట్టిన చోటువైపు చూశాడు. ప్లేటు ఆ మూత మీదే ఉంది. 697.

ఒక్కసారిగా చిరాకంతా పొంగుకొచ్చింది. కాగితం ఈ ఇంజన్ అమ్మిన తుక్కు కొట్టువాడు రాసిచ్చింది, వాడు ఏది చూసి రాశాడో దేవుడికెరుక. పంపు ఎవరిదో. నంబరు తుప్పు తినేసింది. ఇప్పుడీ ప్లేటు కూడా పరాయిదే. ఇందులో ఒక్కటంటే ఒక్కటి నిజం చెప్పేది లేదా, ఇనప ప్లేటు కూడా అబద్ధం చెబితే మనిషి ఇంకెవర్ని నమ్మి చావాలి అని గట్టిగానే అనేశాడు.

"ప్లేటు అబద్ధమెందుకు చెబుతుంది," అన్నాడు మేస్త్రీ. "దాని మూత సంగతి అది చెప్పింది. నువ్వే ఇంజనంతటికీ అంటగట్టావు."

తరవాత దీనమ్మ వైపు తిరిగి, ఏదో కబురు అడిగినట్టే అడిగాడు. ఆ కైకలూరు ఆయన హెడ్డు ఎత్తినప్పుడు కింద నుంచి ఒక పొడుగాటి రేకు ఊడదీసి ఉంటాడు కదమ్మా, ఆరు పెద్ద చిల్లులది. అదేం చేశాడు? పారేశాడా, పట్టుకుపోయాడా?

దీనమ్మ గురువునీ శిష్యుణ్ణీ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ కలిసి తనని ఆటపట్టిస్తున్నారేమోనన్న అనుమానం ఆవిడ మొహంలో కనిపించింది.

"అదేంటండి బాబూ, పొద్దుట్నుంచీ చెంబులు దాంట్లోంచేగా తీసుకుంటున్నారు."

త్రిమూర్తులు చూరు దగ్గరికి నడిచాడు. నల్లబడిన పొడుగాటి రేకు, అటూ ఇటూ వెదురుబద్దలు, చింతపండుతో తోమినందుకు మెరుస్తున్న రాగి అంచులు. ఆరు గుండ్రటి చిల్లులు. మూడింటిలో చెంబులు పొట్టల దాకా దిగి వరసగా కూర్చున్నాయి, తక్కిన మూడూ ఖాళీ. తొమ్మిదేళ్ళలో అలాంటి రేకులు ఎన్ని వందలు అమ్మి ఉంటాడో. చీకట్లో చేత్తో తడిమినా చెప్పగలిగేవాడు. చెంబులు పెట్టి ఉంటే రెండుసార్లు దాని ముందు నిలబడ్డాడు, ఒక్కసారీ చూడలేదు.

చెంబులు తీసి, రేకు విప్పి, తను తెచ్చిన కొత్త గ్యాస్కెట్ దాని మీద పరిచాడు. బోల్టు చిల్లులు కొన్ని కలిశాయి. పెద్ద చిల్లుల్లో ఒక్కటీ కలవలేదు. ఆరింటి చుట్టూ పాత రేకు అంచు సన్నటి నెలవంకలా బయటపడింది. హెడ్డు అప్పుడే ఎత్తి ఉంటే, దీనమ్మ రాత్రంతా నీళ్ళు పోయడానికి కూడా అక్కడ ఏమీ మిగిలేది కాదు.

ఆ తరవాతదంతా కాళ్ళూ చేతులూ చేసే పని. పాత రేకు చంకన పెట్టుకుని బండి మీద భీమవరం పరిగెత్తాడు. కౌంటరులో కుర్రాడు అలవాటుగా ప్లేటు నంబరు చెప్పమన్నాడు. త్రిమూర్తులు కోప్పడలేదు, నంబరూ చెప్పలేదు. రేకు బల్ల మీద పరిచి, దీనికి కలిసేది తియ్యి నాయనా అన్నాడు. వచ్చింది 692ది. తిరిగొచ్చి హెడ్డు ఎత్తారు, గోకారు, తుడిచారు, కొత్త రేకు పరిచారు, నడుమ నుంచి అంచులకు ఒక్కొక్క బోల్టే బిగించుకుంటూ వచ్చారు. నీళ్ళు అందిస్తూ దీనమ్మ మధ్యమధ్య పడమటి వైపు చూస్తూనే ఉంది. పొద్దు కొబ్బరిమట్టల్లోకి దిగేవేళకి ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. రేడియేటరు నీటిలో ఒక్క బుడగ లేదు. చెరువులో చక్రాలు ఒకటొకటే కదిలి నీటిని తెల్లగా చిలకడం మొదలుపెట్టాక గాని దీనమ్మ కూర్చోలేదు. కూర్చుని, ఇక తన చెంబులు దేంట్లో పెట్టుకోవాలని అడిగింది. త్రిమూర్తులు ఇవాళ ఊడదీసిన రేకు కడిగి, రెండు వెదురుబద్దల మధ్యా అదే చోట కట్టి ఇచ్చాడు.

తిరుగుదారిలో త్రిమూర్తులు మేస్త్రీని వెనక ఎక్కించుకుని కాలవగట్టు మీద బండి నడిపాడు. ఉండి ఊరి వంతెన దాటాక అతనికి మళ్ళీ కోపం రాజుకుంది. ఎంత గురువైతే మాత్రం, మనిషిని మండువేసవిలో అరగంట సేపు నేల మీద దొర్లించడం ఏమిటి? వచ్చీరాగానే ఆ రేకు చూసేసి ఉంటారని, తనకు బుద్ధి చెప్పడానికే మూడు గంటలు కబుర్లలో పెట్టారని, ఆ ముక్క ముందే చెబితే ఆవిడకైనా అంత బెంగ తప్పేది కదా అని అడిగేశాడు.

"ముందే తెలిస్తే," అన్నాడు బుల్లియ్య మేస్త్రీ, "మూడు చెంబుల మజ్జిగ ఎందుకు తాగుతాన్రా?"