ఉడకబెట్టిన రాళ్ళు

“మాట ఏదైతే ఏముంది మాస్టారూ, పని అర్థమైతే చాలదా?” అని కామేశం అడిగాడు.

అడిగింది గరికిన ఎల్లారావు గారిని. ఆయన విశాఖపట్నంలో ఒక కాలేజీ లేబరేటరీలో ముప్ఫై ఏళ్ళు అటెండరుగా చేసినవాడు. సముద్రపు నీళ్ళ డబ్బాలు భుజాన మోసి మోసి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే, ఆ నీళ్ళలో బతికేవాటిని ఇంట్లో బతికించే విద్య పట్టుకున్నాడు. రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు అద్దాల తొట్లు పెట్టి, ఆదివారం పొద్దున వచ్చినవాళ్ళకు ఆ పని చెప్పేవాడు. వచ్చినవాళ్ళందరికీ తొందరే. వచ్చే శనివారానికి హాల్లో రంగు చేపలు ఈదాలి, చుట్టాలు వచ్చి చూడాలి. ఆయన దగ్గర అది కుదరదు. ఉప్పు కలిపిన నీళ్ళు తిరగాలి, ఇసుక పరవాలి, రాళ్ళు పేర్చాలి, కంటికి కనపడని జీవాలు ఆ రాళ్ళలో కాపురం పెట్టేదాకా ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవాలి. తర్వాత నత్తలు. నత్తలు బతికితే అప్పుడు ఒక్క చేప. “ఉత్త నీళ్ళకు ఇన్ని లైట్లెందుకు మాస్టారూ?” అని ఒకాయన వెక్కిరిస్తే, “నీ పెళ్ళికి పెళ్ళికూతురు వచ్చాకే పందిరి వేశారా?” అని అడిగాడు.

కామేశం జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు. తెలివైనవాడు. ఈ విద్య మీద ఇంటర్నెట్‌లో ఉన్న వీడియోలన్నీ చూసేశాడు. ఆ ఆదివారం తనకు ఎవరో తీసేసిన తొట్టిలోని పాత రాళ్ళు బుట్టెడు దొరికాయని సంబరంగా చెప్పి, “ఈ వారం వాటిని ఉడకబెట్టేస్తాను” అన్నాడు. మాస్టారు చేస్తున్న పని ఆపేశాడు. “ఆ మాట నా షెడ్డులో అనకు. మాగబెడతానను” అన్నాడు.

నిజానికి ఆ పనిలో మంట లేదు, గిన్నె లేదు. తెచ్చిన రాళ్ళను ఉప్పునీళ్ళ డ్రమ్ములో ముంచి, నీళ్ళను కదిలించే పంపు పెట్టి, మూత వేసి, చీకట్లో ఆరు వారాలో ఎనిమిది వారాలో వదిలెయ్యడమే. మధ్యమధ్య నీళ్ళు మార్చాలి. వెలుతురు లేక నాచూ, అక్కర్లేని జీవాలూ చచ్చిపోతాయి. ఎవరు పుట్టించారో గాని, సరదాకి దానికి ఉడకబెట్టడమని పేరు పెట్టారు. ఆ పేరే ఈ పని చేసేవాళ్ళ నోళ్ళలో తిరుగుతోంది. “లోకమంతా ఆ మాటే అంటోంది కదండీ” అని నవ్వి, కామేశం ఆ ప్రశ్న వేశాడు. మాట ఏదైతే ఏముందట! చదువుకున్నవాళ్ళ నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మాస్టారికి కోపం రాలేదు. ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, ఏడేళ్ళ కిందట జరిగిన సంగతి చెప్పాడు.

అప్పట్లో ఆయన దగ్గరికి భాగ్యవతి అని ఒకావిడ వచ్చేది. గాజువాకలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే టీచరు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. నీళ్ళలో ఉప్పు ఎంతుందో రోజూ కొలిచి ఫోను చేసి చెప్పేది. నేర్పేవాడికి అలాంటి శిష్యురాలు దొరికితే గర్వం వస్తుంది. గర్వం వచ్చినవాడు సగం చెప్పి ఊరుకుంటాడు. ఈవిడకు ఆ సగం చాలు అనుకుంటాడు. ఒక ఆదివారం ఆవిడ వచ్చి, తొట్టి తీసేస్తున్న ఒకాయన తన రాళ్ళు ఇస్తానన్నాడని, వాటికి గోధుమరంగు బొత్తాల్లాంటివి గుత్తులుగా అంటుకుని ఉన్నాయని చెప్పింది. ఆ బొత్తాలు జీవాలే. ముట్టుకుంటే ముడుచుకుంటాయి. వాటిలో కొన్నిటి ఒంట్లో మనిషిని చంపగల విషం ఉంటుంది. నీళ్ళలో ఉన్నంతసేపు ఎవరి జోలికీ రావు గాని, పాకి పాకి తొట్టంతా ఆక్రమిస్తాయి. మాస్టారు అప్పుడు ఒక పంపు విప్పుతున్నాడు. తల ఎత్తకుండానే, “తెచ్చాక ముందు ఉడకబెట్టు తల్లీ, ఆ బొత్తాలన్నీ చచ్చేదాకా” అన్నాడు. డ్రమ్ము సంగతి, గ్లవ్స్ సంగతి, విషం సంగతి రాళ్ళు చేతికొచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాడు. కొత్తవాళ్ళ దగ్గర ఆ మాట అని, వాళ్ళ మొహం తెల్లబోతే చూసి నవ్వడం ఆయనకు అలవాటు. భాగ్యవతి మొహం తెల్లబోలేదు. “అలాగే మాస్టారూ” అంది.

రాళ్ళు బుధవారమే వచ్చాయి. గురువారం పొద్దున ఆవిడ పక్కింటివాళ్ళ పెద్ద గుండిగ అడిగి తెచ్చి, వంటింట్లో స్టవ్ మీద పెట్టి, రాళ్ళు పేర్చి ఎసరు పోసింది. తమ్ముడు జోగారావు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. షిప్‌యార్డులో వెల్డరు. అక్కను ఏడిపించకుండా పూట గడవదు.

“ఏటే అక్కా, ఈవేళ రాళ్ళ పులుసా? ఉప్పు చూడమంటావా?”

“నోర్ముయ్యరా. మాస్టారు చెప్పారు. పొంగొచ్చిందేమో చూడు, నేను కిటికీ వేస్తాను. గాలికి మంట నిలవట్లేదు.”

ఆవిడ కిటికీ వేసింది. వాడు మూత తీసి, ముక్కు ఎగబీల్చి, “వాసన మాత్రం చేపల రేవే” అన్నాడు.

సరిగ్గా ఆ వేళకే మాస్టారు ఆవిడకు ఫోను చేశాడు. ఆదివారం నుంచి ఆవిడ ఉప్పు లెక్క చెప్పలేదేమని చూస్తే, కొలిచే సాధనం షెడ్డులోనే మరిచిపోయింది, అది చెప్పడానికి. ఏం చేస్తున్నావని మాటవరసకు అడిగాడు. “మీరు చెప్పిన పనే మాస్టారూ. రెండు పొంగులొచ్చాయి. బొత్తాలు ఊడొస్తున్నాయి” అంది ఆవిడ. గొంతులో సంతోషం. పొంగులనే మాట ఆయన చెవిలో పడింది గాని, బుర్రకెక్కడానికి ఒక క్షణం పట్టింది. ఆ విషం వేడికి చావదు. ఆవిరితో పాటు గాలిలో కలుస్తుంది, ఊపిరితో లోపలికి పోతుంది. “బయటికి రండి! ఇంట్లో ఎంతమందుంటే అంతమందీ బయటికి రండి! గిన్నె ముట్టుకోవద్దు. పెరట్లో సిలిండరు దగ్గర గ్యాసు కట్టెయ్యి!” అని అరిచాడు. “ఎందుకు మాస్టారూ? ఇంకా కొన్ని చావలేదు” అంది భాగ్యవతి. ఆ వెనక ఎవరో దగ్గడం వినిపించింది. ఒకసారి, రెండుసార్లు. తర్వాత ఆ దగ్గు ఆగలేదు. ఫోను కట్టయింది.

ఆయన ఇంటి నుంచి గాజువాక పద్నాలుగు కిలోమీటర్లు. స్కూటరు మీద వెళుతూ మధ్యలో మూడుచోట్ల ఆగి ఫోను చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. కాలేజీకి నీళ్ళు తేబోయి సముద్రంలో గాలివానకు చిక్కినవాడే ఆయన. తాడు తెగిన తెప్ప మీద ఒక రాత్రి గడిపినవాడే. అప్పుడు భయం తన ప్రాణానికి. అందులో ఎంతో కొంత ధైర్యం దొరుకుతుంది. ఈ భయంలో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఎదురొచ్చిన అంబులెన్సునల్లా అందులో వాళ్ళే ఉన్నారేమోనని చూశాడు. ఏ ఇంటి ముందు జనం కనపడినా అదే ఇల్లనుకున్నాడు.

ఇద్దరూ పక్కింటి అరుగు మీద ఉన్నారు. ఫోను వంటింట్లోనే ఉండిపోయింది. భాగ్యవతి కూర్చుని ఉంది, వణుకుతోంది. జోగారావు గోడకు చేరగిలబడి ఉన్నాడు, పెదాలు నల్లబడ్డాయి. మాస్టారిని చూసి నవ్వబోయాడు. “నోట్లో ఇనుము నమిలినట్టుంది మాస్టారూ. పులుసు కుదరలేదు” అన్నాడు. ఆ రెండు మాటలకూ మధ్య నాలుగుసార్లు ఊపిరి తీశాడు. వేసిన కిటికీ అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టి ధారలు కారుతోంది. గుండిగ ఇచ్చిన పక్కింటావిడ లోపలికి వెళ్ళబోయింది. మాస్టారు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

“నా గుండిగ మాడిపోతుందండీ!”

“మాడనీ తల్లీ. నువ్వు మాత్రం గుమ్మం దాటకు” అని ఆవిణ్ణి వెనక్కి పంపి, తను పెరట్లోకి చుట్టూ తిరిగి వెళ్ళి సిలిండరు కట్టేశాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఏం తిన్నారని అడిగాడు. ఏమీ తినలేదు, రాళ్ళు ఉడకబెట్టారని మాస్టారు చెప్పాడు. డాక్టరు ఆయన దగ్గరికి జరిగి, తాగాడేమోనని వాసన చూశాడు. మూడోసారి చెప్పాక, ఆ జీవి పేరూ ఆ విషం పేరూ చీటీ మీద రాయించుకున్నాడు. ఫోనులో వెతికాడు. చదువుతుంటే ఆయన మొహం మారిపోయింది. “దీనికి విరుగుడు లేదండీ. ఊపిరి ఆగకుండా చూస్తాం, అంతే” అన్నాడు.

మూడు రోజులు. జోగారావుకు గొట్టం వేసి మెషీను మీద పెట్టారు. ఒళ్ళంతా కండరాలు పట్టేసి మంచం కదిలిపోయేది. భాగ్యవతికి పై వార్డులో జ్వరం. ఆవిడకు ప్రాణభయం లేదన్నారు, తమ్ముడి సంగతి అడిగితే మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. మాస్టారు వరండాలో బెంచీ మీద కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాడు. బయటికొచ్చిన నర్సు మొహం చూడలేక ఆవిడ చెప్పులు చూసేవాడు. రాళ్ళ మీద విషాన్ని ఆయన పెట్టలేదు. స్టవ్ ఆయన వెలిగించలేదు. ఆ మాటలు మీరూ నేనూ చెప్పి ఆయన్ని ఓదార్చవచ్చు. ఆ బెంచీ మీద మూడు రోజులు కూర్చున్నవాడికి అవి ఎక్కవు.

నాలుగో రోజు పొద్దున గొట్టం తీశారు. జోగారావు బతికాడు. ఇవాళ్టికీ మేడ మెట్లెక్కితే సగంలో ఆగి నిలబడతాడు. వెల్డింగు పని మానేశాడు, షిప్‌యార్డువాళ్ళు స్టోర్సులో కూర్చోబెట్టారు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిన రోజు భాగ్యవతి వరండాలోకి వచ్చి మాస్టారి ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ కళ్ళలో కోపం వెతికాడు, లేదు. కుట్టు తప్పిన పిల్ల టీచరు ముందు నిలబడ్డట్టు నిలబడి, “నేనెక్కడ తప్పు చేశానో చెప్పండి మాస్టారూ. మళ్ళీ అలా చెయ్యను” అంది.

ఇంతవరకూ చెప్పి ఎల్లారావు గారు ఊరుకున్నాడు. “మరి మీరేం చెప్పారు మాస్టారూ?” అని కామేశం అడిగాడు.

“చెబుదామని నోరు తెరిచాను నాయనా” అన్నాడాయన. “ఏ మాటంటే ఏమవుతుందోనని భయమేసింది.”