పోగును తెంపేసిన డాబయ్య

ఎండలో మేసి మేసి దాహమేసిన బుర్రిమేక, గుంటలో మురికినీళ్ళు తాగింది. ఆ నీళ్ళతోపాటు డాబయ్య అనే రోగక్రిమి ముఠాతో సహా దాని కడుపులోకి దిగాడు. బుర్రి ఈని మూడు రోజులే అయింది. తల్లికేమైనా అయితే పిల్లకి పాలుండవు.

డాబయ్య సంబరం చూడాలి! "విషం కానివ్వండ్రా!" అని హుకుం వేశాడు. ఆ హుకుం మోసుకుని అతని ఒంట్లోని పెద్ద ఆర్ఎన్ఏ ఒకటి, విషపు ప్రొటీన్లు తయారుచేసే పనివాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. దారిలోనే ఓ బుల్లి ఆర్ఎన్ఏ దాన్ని వాటేసుకుని ఆపేసింది. సన్నగా ఉంటుందని దాన్నందరూ పోగు అనేవాళ్ళు.

"ఇప్పుడొద్దయ్యా. పేగు గోడ పట్టుకున్నాక చేద్దాం. ముందే చేస్తే కాపలా తెల్లకణాలు పసిగడతాయి."

"నా ఒంట్లో నాకే అడ్డా!" డాబయ్య గట్టిగా అరిచాడు.

ఆ గొడవంతా బుర్రి చెవిన పడింది. పోగు అడ్డు తొలగితే విషం ముందే పొంగి వీళ్ళు దొరికిపోతారని గ్రహించి, డాబయ్యని రెచ్చగొట్టింది.

"ఏమయ్యా డాబయ్యా, పెత్తనం నీదనుకున్నా. పోగుదటగా!"

"ఎవరే అది?"

"బుర్రిని. నిన్ను మోస్తున్నదాన్ని. పనీపాటా లేనిదాన్ని కూర్చోబెట్టి మేపుతున్నావట. మీవాళ్ళు నవ్వుకోరూ?"

డాబయ్యకు తలకొట్టేసినట్టయింది. ముఠా అంతా వింటోంది మరి.

"ఏమే పోగూ, ఇన్నాళ్ళలో ఒక్క ప్రొటీనైనా చేశావా?"

"లేదయ్యా. చేసేవాళ్ళని ఆపుతాను. అదే నా పని."

"అదీ ఒక పనేనా!"

డాబయ్య పోగును ముక్కలు ముక్కలుగా తెంపించేశాడు. నాయకుణ్ణి చూసి ముఠాలో ప్రతివాడూ తన ఒంట్లో ఉన్న పోగును తెంపేసుకున్నాడు.

ఇక అడ్డేముంది! ఆగిన హుకుంలన్నీ ఒక్కసారే పనివాళ్ళకి అందాయి. పేగు గోడ ఇంకా అల్లంత దూరంలో ఉండగానే విషం బుసబుసా పొంగింది. ఆ వాసనకి తెల్లకణాలు నలువైపుల నుంచీ వచ్చిపడ్డాయి.

"ఆపండ్రా! ఆపండి!" డాబయ్య గొంతు చించుకున్నాడు. పనివాళ్ళకి చెయ్యడమే తెలుసు, ఆపడం తెలీదు. పట్టుకోవడానికి గోడైనా అందక దొర్లి దొర్లి, డాబయ్య ముఠాతో సహా తెల్లకణాల నోట్లో పడ్డాడు.

బుర్రి రెండు రోజులు పారుకుని నీరసపడింది. మూడోనాడు లేచి నిలబడి పిల్లకి పాలిచ్చింది.

నీతి: వేళ వచ్చేదాకా ఆపేవాడు కూడా పనిచేస్తున్నట్టే, వాణ్ణి సోమరి అనుకున్నవాడు తన గొయ్యి తనే తవ్వుకుంటాడు.