నాలుగో అంకె లేని పేజీ

హైమవతి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, ఏదో ఒక సంగతి వస్తుంది. అది జవాబో చెంపదెబ్బో, మెట్లు దిగి ఇంటికెళ్ళే దారిలో ఎవరికి వారు తేల్చుకోవాలి. కాకినాడలో ఓ బట్టల కొట్టు మేడ మీద ఆవిడ పత్రాలు రాయడం నేర్పుతారు. ఫలానా సాఫ్ట్‌వేరును ఎలా వాడాలో వాడేవాడికి తెలిసేట్టు రాసే పని అది. ప్రోగ్రాం రాసినవాడికి దండ వేస్తారు. దాన్ని వివరించి రాసినవాళ్ళకు కుర్చీ కూడా వెయ్యరు.

ఆ మధ్యాహ్నం నిరుపమ మొహం కందగడ్డ చేసుకుని మెట్లెక్కింది. ఆ పిల్ల ఆవిడ దగ్గరే చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆస్పత్రుల్లో ఆక్సిజన్ ట్యాంకులను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేరు వాళ్ళది. దాని నోట్సంతా ఏళ్ళ తరబడి మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో, ఒక పాత ఫార్మాట్ గుర్తులతో రాసి ఉంది. ఈ గుర్తు పెడితే శీర్షిక, ఆ గుర్తు పెడితే అంకెల వరస. ఇప్పుడదంతా కొత్త ఫార్మాట్‌లోకి మారాలి. మార్చే పని యంత్రం చిటికెలో చేసేసింది. ఇక “సరిచూశాను” అని సాయంత్రంలోగా నిరుపమ తన పేరు పెట్టాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చదువుతానంటే, అంత నెమ్మది మనిషికి ఉద్యోగం ఖాయం చెయ్యలేమని మేనేజరు నవ్వుతూనే చెప్పాడు.

“మేడంగారండీ, తప్పులు సున్నా అని యంత్రమే చెప్పిందండి. పేజీలు ముత్యాల్లా ఉన్నాయి. నేను చదవకపోతే మాత్రం ఏ కొంప మునుగుతుందండీ?”

హైమవతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “భీమవరం వైపు మంగతాయారని ఒకావిడ ఉండేది,” అని మొదలుపెట్టారు.

రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి కొట్టే ఏరియేటర్లుంటాయి. అవి ఆగితే రొయ్యకు ఊపిరాడదు. వాటిని గట్టు మీది పానెల్ నుంచి నడిపించే సాఫ్ట్‌వేరుకు నోట్సు రాసిందీ మంగతాయారే, రైతు ఫోను చేస్తే ఎత్తిందీ మంగతాయారే. గట్టు మీద గాలి, వాన, మోటార్ల మోత. అక్కడ వాక్యాలు వినపడవు. అందుకని ఆవిడ అంకెలే చెప్పేది. “రెండు చెయ్యి. అయిందా? ఐదు చెయ్యి. ఆరు జోలికెళ్ళకు.” రైతు ఆ అంకె విని, ఫోనులో పేజీ తీసి, దాని ఎదురుగా ఏముంటే అది చేసేవాడు. కొన్నాళ్ళకు నాలుగో స్టెప్పుతో పనిలేకుండా పోయింది. మంగతాయారు దాన్ని తీసేసింది గానీ ఆ అంకెను ఇంకోదానికి ఇవ్వలేదు. మూడు తరవాత ఐదే. చెరువు చెరువునా నాలుకల మీద నలిగిన అంకెలు, మారిస్తే ప్రమాదమని. చూసేవాళ్ళకు మాత్రం ఆ పేజీ పన్నూడిన నోరులా ఉండేది.

ఆ కంపెనీకి కిరీటి అని కొత్త పెద్ద వచ్చాడు. వస్తూనే నోట్సంతా కొత్త ఫార్మాట్‌లోకి మార్పిస్తానన్నాడు. “ఏంటి మంగతాయారు గారూ, నాలుగును ఎలకెత్తుకెళ్ళిందా?” అని ఆఫీసంతా నవ్వించాడు.

“అది అలాగే ఉండాలండి.”

“కొత్త ఫార్మాట్‌లో ఇలాంటి చాదస్తాలుండవు లెండి.”

ఉండలేదు. యంత్రం వరసను వరసగా పేర్చింది, దాని ధర్మం అది. ఐదు నాలుగైంది, ఆరు ఐదైంది. ఒక్క అక్షరం పోలేదు. మార్చిన పేజీలు రైతుల ఫోన్లకు వెళ్ళిపోయాయి. మంగతాయారుకు ఎవరూ చెప్పలేదు. మీటింగుకు పిలవదగ్గ మనిషి అని ఆవిడను ఎవరనుకున్నారు గనక?

ముసురు పట్టిన ఓ పగటిపూట ఏసుబాబు ఫోను చేశాడు. చెరువు కౌలుకు తీసుకున్న రైతు. “అమ్మగోరండీ, పానెల్ బిగిసిపోయిందండి! సగం మోటార్లే తిరుగుతన్నాయండి! రొయ్య పైకి తేలి గట్టుకొచ్చేత్తందండి!”

“కంగారుపడకు ఏసుబాబూ. ఐదు చెయ్యి.”

ఆవిడ ఎరిగిన ఐదు, బిగిసిన పానెల్‌ను మళ్ళీ లేపేది. అతని ఫోనులో ఉన్న ఐదు మునుపటి ఆరు, ఏరియేటర్లన్నీ ఆపి సెట్టింగులు తుడిచేసేది. అతను బుద్ధిగా పేజీ చూసుకుని ఐదు చేశాడు. మోటార్ల మోత ఒక్కసారిగా చచ్చిపోయింది.

“అన్నీ ఆగిపోయినాయండి!”

“ఆగకూడదే! ఐదేనా చేసింది?”

“ఐదేనండి బాబూ, తమరు ఐదేగా అన్నారు!”

మళ్ళీ అన్నీ తిరిగేసరికి గట్టు పొడుగునా రొయ్య తెల్లగా పరుచుకుని ఉంది.

కంపెనీలో పంచాయితీ పెట్టారు. ఫోను రికార్డు వినిపించారు. ఐదన్నది మంగతాయారు గొంతే. తరవాత యంత్రం ఇచ్చిన రిపోర్టు చూపించారు. తప్పులు సున్నా. “చూశారుగా, పత్రంలో లోపం లేదు. చెప్పిన మనిషిలో ఉంది,” అన్నాడు కిరీటి. ఏసుబాబు తిట్టలేదు. “మిమ్మల్ని నమ్మానండి,” అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ నాలుగో అంకె గురించి చెప్పబోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే ఆవిడ ఉద్యోగం కూడా అయిపోయింది.

హైమవతి గారు ఆగారు. కింద కొట్లో తానులోంచి గుడ్డ చర్రున చించిన చప్పుడైంది.

“కిరీటి గారిని ఎవరూ ఏమీ అనలేదాండీ?” అంది నిరుపమ.

“ఎందుకంటారమ్మా? పేజీ అందంగా ఉందిగా. ఆ ఏడాది ఆయనకు శాలువా కప్పారు.”

నిరుపమ వెళ్ళడానికి లేచింది. చదవనియ్యమంటే ఉద్యోగం ఉండదు. చదవకుండా పేరు పెడితే ఉంటుంది. ఇందులో తెలియనిదేమీ లేదు. అయినా ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్తే బాగుండుననిపించి అడిగేసింది. “ఇంతకీ నన్ను పేరు పెట్టమంటారా, వద్దంటారా?”

“పెట్టమ్మా,” అన్నారు హైమవతి గారు, కళ్ళజోడు పెట్టుకుంటూ. “ఆ పేజీ చేత్తో పట్టుకుని ట్యాంకు దగ్గర నిలబడేది ఎవరో ముందు కనుక్కో. వాళ్ళ పేరు పైన రాసి, దాని కింద నీ పేరు పెట్టు.”