పేరమ్మ కడుపునొప్పి

డాక్టర్ సుధన్వ చెయ్యి వేస్తే చాలు, కడుపులో ఏముందో చెప్పేస్తాడని ఆ ధర్మాసుపత్రిలో అనుకునేవారు. ఆ మాట అతని చెవిన కూడా పడింది. పడ్డప్పటినుంచీ రోగి కడుపు మీద చెయ్యి నిలిచే సమయం తగ్గుతూ వచ్చింది.

అతని గురువు డాక్టర్ ఇమ్మానుయేలు గారు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఆపరేషన్లు చేస్తున్న మనిషి. మాట తక్కువ. శిష్యుడి వేగాన్ని ఒకటి రెండుసార్లు తలెత్తి చూశారే గాని, ఏమీ అనలేదు.

ఒక సోమవారం పేరమ్మ వచ్చింది. అరవై అయిదేళ్ళుంటాయి. బస్టాండులో పూలమ్ముకుంటుంది. వెంట కూతురు సామ్రాజ్యం ఉంది.

"ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడు సుధన్వ.

పొత్తికడుపులో ఎడమపక్క చూపించింది పేరమ్మ. "రెండు రోజులైంది బాబూ. ఒళ్ళు కూడా వెచ్చగా ఉంటంది. అసలు ముందు నాకు మోకాళ్ళు..."

"మోకాళ్ళ సంగతి తర్వాత. విరేచనం అవుతోందా?"

"సరిగ్గా కావట్లేదు."

సుధన్వ కడుపు నొక్కి చూశాడు. మెత్తగానే ఉంది. ఆమె ముఖం కాస్త చిట్లించింది, అంతే. బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు. మలబద్ధకం అని చీటీ మీద రాసి, గ్యాసుకు ఒక మాత్ర, విరేచనానికి ఒక మందు ఇచ్చి పంపేశాడు.

గురువారం పొద్దున ఆమెను స్ట్రెచర్ మీద తెచ్చారు. కడుపు ఉబ్బిపోయి ఉంది. నాడి గుర్రంలా పరుగెడుతోంది. నాలుక పిడచకట్టుకుపోయింది.

ఇమ్మానుయేలు గారు వచ్చారు. వెంటనే సెలైన్ పెట్టించారు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించారు. నర్సు ఆ పనిలో ఉండగానే ఒక స్టూలు లాక్కుని పేరమ్మ తల దగ్గర కూర్చున్నారు.

"చెప్పమ్మా."

పేరమ్మ మళ్ళీ మోకాళ్ళ దగ్గరే మొదలుపెట్టింది. సుధన్వ ఏదో అనబోయాడు. గురువుగారు అతని వైపు చూడకుండానే వేలెత్తారు. సుధన్వ నోరు మూసుకున్నాడు.

"పొద్దస్తమానం కింద కూర్చునే పని కదయ్యా. మోకాళ్ళు పట్టేసినాయి. మందులకొట్టాయన చిన్న తెల్లమాత్రలు ఇచ్చాడు. రెండేళ్ళనుంచీ అయ్యే మింగుతున్నా. అయ్యేసుకుంటే ఏ నొప్పీ తెలవదు."

సామ్రాజ్యం సంచీలో వెతికి ఆ మాత్రల అట్ట తీసింది. దానితోపాటు సోమవారం నాటి చీటీ కూడా బయటికొచ్చింది.

అవి స్టెరాయిడ్ మాత్రలు. పేగు చిల్లుపడుతున్నా కడుపును మెత్తగా ఉంచి, చూసేవాణ్ణి మోసం చేయగల మాత్రలు. సుధన్వకు అది కొత్త సంగతి కాదు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు.

ఇమ్మానుయేలు గారు చీటీ చదివారు. కింద సంతకం చూశారు. మడతపెట్టి, సామ్రాజ్యం చేతికే తిరిగి ఇచ్చారు.

స్కాన్‌లో అంతా తేటతెల్లంగా కనిపించింది. పెద్దపేగు గోడకు అక్కడక్కడా చిన్న చిన్న తిత్తులు. వాటిలో ఒకటి వాచి, చీము పట్టి, పగిలింది. ఆ చీము కడుపంతా పాకింది. సోమవారమే ఈ స్కాన్ తీసి ఉంటే, పేగుకు విశ్రాంతినిచ్చి యాంటీబయాటిక్స్‌తోనే చాలావరకు నయమయ్యేది. ఇప్పుడు కొయ్యక తప్పదు.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. చెడిన పేగు తీసేసి, మిగిలిన పేగు కొసను ఎడమపక్క కడుపు మీదికి తెచ్చి కుట్టారు. ఇక మలం దారి అదే. దాని మీద ఒక ప్లాస్టిక్ సంచి. వారం రోజులు ప్రాణం ఊగిసలాడింది. ఎనిమిదో రోజు పేరమ్మ కళ్ళు తెరిచి గంజి అడిగింది.

ఆ రోజు సుధన్వ గురువుగారి గదికి వెళ్ళాడు.

"తప్పు నాది సార్. ఏ శిక్ష వేసినా పడతాను. ఏం చెయ్యమంటారో చెప్పండి."

ఇమ్మానుయేలు గారు లేచి బీరువా తెరిచారు. ఒక బేసిన్, గాజుగుడ్డ, కొత్త సంచి, కత్తెర తీసి అతని చేతుల్లో పెట్టారు.

"పేరమ్మకు సంచి మార్చాలి. ఇవాళ్టినుంచీ నువ్వు మార్చు."

ఆ పని నర్సులది. సుధన్వ ఎప్పుడూ చెయ్యలేదు. పాత సంచి ఊడదీయాలి. గోరువెచ్చని నీళ్ళతో చుట్టూ కడిగి, తడి లేకుండా అద్దాలి. కొత్తదాన్ని కొలతకు కత్తిరించి అంటించాలి. అంటించాక అరచెయ్యి దాని మీద పెట్టి కదలకుండా ఉంచాలి. చేతి వెచ్చదనానికే అది పట్టుకుంటుంది. అయిదు నిమిషాలైనా పడుతుంది. పేరమ్మకు ఆ అతుకు ఊడిపోతూ ఉండేది. అందుకని రోజూ మార్చాల్సి వచ్చేది.

మొదటిరోజు ఆమె సిగ్గుతో ముఖానికి చెంగు కప్పుకుంది. "పెద్ద చదువులు చదివినోడివి, నీకెందుకు బాబూ ఈ పని?" అంది. మూడో రోజుకు చెంగు తీసింది. కనకాంబరాలు ఎండకు ఎలా వాడతాయో, తడిగుడ్డ ఎలా కప్పాలో చెప్పింది. సుధన్వ చెయ్యి కదపకుండా విన్నాడు.

అయిదో రోజు, "దీన్ని మళ్ళీ లోపల పెట్టేస్తారా బాబూ?" అని అడిగింది.

"ఆరునెలలు పోయాక చూస్తామన్నారమ్మా సార్. మీ వయసుకు, ఇన్నాళ్ళు వేసుకున్న మాత్రలకు... కచ్చితంగా చెప్పలేమన్నారు."

పేరమ్మ సంచి వైపు చూసింది.

"ఈ వాసనతో పూలబుట్ట దగ్గర కూర్చుంటే, ఎవరు కొంటారు నాయనా నా దగ్గర?"

 సుధన్వ బేసిన్ తీసుకుని బయటికొచ్చి, నల్లా దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు.

మర్నాడు సంచి అంటించి, అరచెయ్యి పెట్టి ఉంచి, తల దించుకునే చెప్పాడు.

"అమ్మా, మొదట మీరొచ్చిన సోమవారం మిమ్మల్ని చూసింది నేనే. మీరు చెప్పబోయిన మాట నేను వినిపించుకోలేదు. ఆ రోజు విని ఉంటే ఈ సంచి పడేది కాదేమో."

పేరమ్మ అతనికేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. చెయ్యి తియ్యమనలేదు. ఉండమనీ అనలేదు.

సంచి పట్టుకున్నాక సుధన్వ లేచి, దుప్పటి సర్ది, బయటికి నడిచాడు. వరండాలో ఇమ్మానుయేలు గారు ఎదురయ్యారు.

"చెప్పేశాను సార్."

"ఏమంది?"

"ఏమీ అనలేదు సార్."

ఇమ్మానుయేలు గారు తల ఊపారు. రెండడుగులు వేసి ఆగారు.

"రేపూ వెళ్ళు," అన్నారు.